నాన్న వాడిన కానుక

"ముందా గ్లౌజులు బల్ల మీంచి తీసెయ్యండర్రా. నేను చూడలేను," అంది తల్లి.

ఎవరూ చెయ్యి చాపలేదు. తోలు గ్లౌజుల జత భోజనాల బల్ల మధ్యలో పడి ఉంది. కుడిచేతిది లోపలి వైపు బయటికి తిరిగి ఉంది. కుట్టు ఊడిందేమో చూద్దామని పొద్దున చిన్నమ్మాయి తిప్పినప్పుడు ఎలా ఉందో, ఇప్పటికీ అలాగే ఉంది. లోపలి గుడ్డ మీద చీమూ నెత్తురూ ఎండి అట్ట కట్టాయి.

గుమ్మం పక్కన సంచీ సర్ది ఉంది. రెండు జతల బట్టలు, దుప్పటి, ఫ్లాస్కు. ఆసుపత్రిలో డాక్టరు దాపరికం లేకుండానే చెప్పాడు. ఒంట్లో షుగర్ విపరీతంగా ఉంది, చాలాకాలంగా ఉండుంటుంది. కుడిచేతి వేళ్ళు రెండు నల్లబడ్డాయి. చీకటి పడేలోపు చేర్చండి, లేదంటే వేళ్ళతో పోదు. బట్టలు తెచ్చుకుంటామని చెప్పి ఇంటికి వచ్చారు. బట్టలు సర్దడం ఎప్పుడో అయిపోయింది. చేరాల్సిన ఇంటిపెద్ద, వెల్డింగు మేస్త్రి, మాత్రం పెరట్లో కూర్చుని ఎడంచేత్తో బొగ్గులు పేరుస్తున్నాడు.

ఎందుకంటే ఇవాళ ఆదివారం. ఆదివారం మేస్త్రి పొయ్యి వెలిగించకుండా ఉండటం ఆ ఇంట్లో ఎవరికీ గుర్తులేదు.

"నేనెళ్ళి ఎత్తుకొచ్చి కార్లో కూలేస్తాను. ఏమైతే అదవుతుంది," పెద్దాడు లేచాడు.

"కూర్చోండి," అంది కోడలు. "మామయ్యగారిని ఎత్తడం మీవల్ల అవుతుందా? మొన్న సిలిండరు ఎత్తి, వారమంతా నడుం పట్టుకుని తిరిగారు."

ఇంకో రోజైతే అందరూ నవ్వేవారు. పెద్దాడు కూర్చోలేదు, అలాగని వెళ్ళనూ లేదు. కిటికీ దగ్గర నిలబడ్డాడు. అక్కణ్ణించి తండ్రి వీపు కనిపిస్తోంది. తెల్లటి కట్టు కట్టిన కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని, వంగి, పొయ్యిలోకి ఊదుతున్నాడు.

కోపం రావడానికి ఆ ఇంట్లో కావలసినన్ని కారణాలున్నాయి. ఆ కోపం ఎవరి మీద చూపించాలో తేలక అందరూ గంట నుంచి గోడల మీదా, గిన్నెల మీదా చూపిస్తున్నారు. చివరికి అది చెల్లెలి మీద పడింది.

"డబుల్ లైనింగు వేశానని గొప్పలు పోయావుగా. నిప్పుల్లో చెయ్యి పెట్టినా తెలీదు అన్నావు," అన్నాడు పెద్దాడు.

చిన్నమ్మాయి తలెత్తలేదు.

"అన్నాను," అంది.

* * *

ఏటా మేస్త్రి పుట్టినరోజు దగ్గరపడుతోందంటే ఆ ఇంట్లో ఒకటే మల్లగుల్లాలు. ఏం కొనాలి? మనిషికి సినిమాలు పట్టవు, కొత్త బట్టలు పట్టవు. వారమంతా షెడ్డులో వెల్డింగు, ఆదివారం పెరట్లో పొయ్యి. పాత ఆయిలు డ్రమ్మును నిలువునా కోసి, కాళ్ళు అతికించి, మీద ఇనపఊచల జాలీ పరిచి సొంతంగా చేసుకున్న పొయ్యి అది. దానిమీద కోడి కాలుతున్నా, చేప కాలుతున్నా పక్కింటివాళ్ళకి ఉన్నట్టుండి గోడ దగ్గర ఏదో పని గుర్తొచ్చేది.

అందుకని కానుకలన్నీ ఆ పొయ్యి చుట్టూనే తిరిగేవి. ఒక ఏడాది ఏప్రాన్ కొన్నారు. అది ఇప్పుడు మిక్సీ మీద కప్పి ఉంది. మాంసంలో గుచ్చి వేడి చూసే థర్మామీటరు కోడలు తెచ్చింది. మేస్త్రి దాన్ని చంకలో పెట్టుకుని చూసి, "నాకు జ్వరం లేదమ్మా" అని తిరిగిచ్చేశాడు. నిరుడు పెద్దాడు తను పనిచేసే షోరూములోంచి గ్యాస్ గ్రిల్లు మోయించుకొచ్చాడు. దాని అట్టపెట్టె ఇంకా విప్పలేదు. స్టోరురూములో దానిమీద ఉల్లిపాయల బుట్ట పెట్టుకున్నారు. పెద్దాడు ఆ గదిలోకి వెళ్ళడం మానేశాడు.

ఈ ఏడు చిన్నమ్మాయి గ్లౌజులు కుట్టింది. తోలు సంచులు కుట్టే దుకాణంలో ఆమె పని. తండ్రి నిద్రపోతుంటే అరచెయ్యి కాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిలుతో గీసుకుని, మెత్తటి తోలు ఏరుకుని, లోపల రెండు మడతల గుడ్డ వేసి కుట్టింది.

"వెల్డింగు మేస్త్రికి గ్లౌజులా! చేపకి గొడుగు కొనివ్వు, సరిపోతుంది," అని ఎగతాళి చేశాడు పెద్దాడు అప్పుడు. నిజమే. ఆరు రోజులూ షెడ్డులో గ్లౌజులేననీ, ఆదివారమైనా చేతులకి గాలి తగలనివ్వండనీ మేస్త్రి ఎప్పుడూ అంటుండేవాడు.

అలాంటి మనిషి ఆ గ్లౌజులు తొడుక్కున్నాడు. పొయ్యి దగ్గర తొడుక్కున్నాడు, మొక్కలకి నీళ్ళు పోస్తూ తొడుక్కున్నాడు, అరుగు మీద ఊరికే కూర్చున్నప్పుడూ తొడుక్కున్నాడు. చిన్నమ్మాయికి కాళ్ళు నేలమీద ఆనలేదు. నాన్న వాడిన మొదటి కానుక నాదేనని దుకాణంలో కనబడ్డ ప్రతివాళ్ళకీ చెప్పింది. పెద్దాడికి లోపల కొంచెం కడుపుమంటగానే ఉండేది.

ఎందుకు తొడుక్కున్నాడో ఇవాళ పొద్దున తెలిసింది.

* * *

"ఆ గ్యాస్ గ్రిల్లు వాడుంటే ఇంతదాకా వచ్చేది కాదు," అన్నాడు పెద్దాడు కిటికీ దగ్గర్నుంచి. "మీట తిప్పితే మంట తగ్గుతుంది. చెయ్యి పెట్టి చూడక్కర్లేదు. చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది."

"నీ గ్రిల్లు గురించి ఇప్పుడెందుకురా?" అంది తల్లి.

"ఇప్పుడు కాకపోతే ఎప్పుడు? చెయ్యి తీసేశాక మాట్లాడుకుందామా?"

తల్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కోడలు భర్త వైపు గుర్రుగా చూసింది. వంటింట్లో కుళాయి చుక్కలు చుక్కలుగా కారుతోంది. ఎవరైనా లేచి కట్టేస్తే బాగుండుననిపించింది అందరికీ. ఎవరూ లేవలేదు.

"అన్నయ్యా," అంది చిన్నమ్మాయి నెమ్మదిగా. "కొన్నాళ్ళుగా నాన్న కాల్చిన కోడి ఎలా ఉంటోంది?"

"అదేం ప్రశ్న?"

"చెప్పు."

పెద్దాడి చెయ్యి తెలియకుండానే జేబు మీదికి పోయింది.

"పైన మాడిపోయి లోపల పచ్చిగా ఉంటోంది. నువ్వు ముక్కలు రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకోవడం నేను చూళ్ళేదనుకున్నావా? జేబులో పెట్టుకుంటూనే 'అదిరింది నాన్నా' అన్నావు."

"నువ్వు మాత్రం?"

"నేనూ అన్నాను. వదినా అంది. మనందరం అన్నాం. నాన్నేమో బొగ్గులే బాగోలేవనుకున్నాడు."

బొగ్గులవాడి సంగతి అందరికీ గుర్తొచ్చింది. పాతికేళ్ళుగా వాడి దగ్గరే కొంటున్న మేస్త్రి, ఈమధ్య వాడి కొట్టు ముందు నిలబడి తడి బొగ్గులు అంటగడుతున్నావని నానా మాటలూ అన్నాడు. సెగే రావడం లేదన్నాడు. వాడు ఏడ్చినంత పని చేసి, అప్పటికప్పుడు నాలుగు బొగ్గులు రాజేసి చూపించాడు. మేస్త్రి వాటిమీద అరచెయ్యి పెట్టి, "చూశావా, చల్లగా ఉంది" అన్నాడు. కొట్టువాడు నోరు తెరిచి చూస్తూ ఉండిపోయాడు. ఆ కథ ఇంటికొచ్చాక పెద్దాడు తండ్రి గొంతుతో చెప్పి అందర్నీ నవ్వించాడు.

"మొన్న షెడ్డు నుంచి ఒంటి చెప్పుతో వచ్చారు చూడండి," అంది కోడలు, తనలో తను అనుకుంటున్నట్టు. "ఇంకోటి దారిలో జారిపోయింది, చూసుకోలేదన్నారు. మతిమరుపు వచ్చేసిందని నేనే ఆటపట్టించాను."

ఆ మాట దగ్గర ఎవరైనా ఆగి ఆలోచిస్తే బాగుండేది. కానీ అప్పుడే తల్లి నోటి మీంచి కొంగు తీసింది.

"చొక్కా గుండీలు నేనే పెడుతున్నాను."

ముగ్గురూ ఆవిడ వైపు తిరిగారు.

"చేతికి దొరకడం లేదన్నారు. గుండీ పట్టుకున్నదీ లేనిదీ తెలియడం లేదన్నారు. ఎండలు మొదలవకముందు నుంచీ నేనే పెడుతున్నాను."

"నీకు తెలుసా?" పెద్దాడి గొంతు పలచబడింది. "ఇన్నాళ్ళూ తెలిసి కూడా మాకు చెప్పలేదా అమ్మా?"

"వేళ్ళు మొద్దుబారాయని తెలుసు. కాల్చుకున్నారని తెలీదు. గుడ్డ చుట్టుకుని షెడ్డులో రవ్వ పడిందన్నారు. పెళ్ళయినప్పట్నుంచీ రవ్వలు పడుతూనే ఉన్నాయి, ఏ రవ్వని అనుమానించను?"

"మొద్దుబారిందనైనా చెప్పాలి కదా!"

"చెప్తే?" తల్లి కొడుకు కళ్ళల్లోకి చూసింది. "చెప్తే ఏం చేసేవాడివి? షెడ్డు మూయించేవాడివి కావూ? వాడికి చెప్పకు, వాడు నన్ను మంచి మాటలతోనే ఇంట్లో కూర్చోబెడతాడు అన్నారు. నా చెయ్యి తన నెత్తిన పెట్టుకుని ఒట్టు వేయించుకున్నారు."

మూయించేవాడే. మంచి మాటలతోనే మూయించేవాడు. ఆ సంగతి తండ్రి తనకన్నా ముందే గ్రహించాడని తెలిసి, పెద్దాడికి ఏడుపొచ్చింది. కిటికీ ఊచ పట్టుకుని అటు తిరిగిపోయాడు.

చిన్నమ్మాయి లేచింది. గ్లౌజులు రెండూ తీసి, ఎవరికీ కనబడకుండా పాత సంచిలో పెట్టేసింది. పెరటి తలుపు తీసుకుని బయటికి నడిచింది.

* * *

బొగ్గులు రాజుకున్నాయి. పైన బూడిద పొర కట్టి, లోపల ఎర్రగా ఉన్నాయి. మేస్త్రి చిన్న స్టూలు మీద కూర్చుని ఎడంచేత్తో పట్టుకారు పట్టుకోవడానికి అవస్థ పడుతున్నాడు. కూతుర్ని చూసి పట్టుకారు పక్కన పెట్టేశాడు.

"పంపించారా?"

"లేదు. నేనే వచ్చాను."

"మీ అన్నయ్య ఏడుస్తున్నాడా?"

"నీకెలా తెలుసు?"

"అరుపులు ఆగిపోయాయిగా. చిన్నప్పుడూ అంతే వాడు."

చిన్నమ్మాయి పక్కనే నేలమీద కూర్చుంది. ఆసుపత్రి మాట ఎత్తలేదు. కట్టు చివర కనిపిస్తున్న వేలి కొసను చూడకుండా ఉండటానికి పొయ్యి వైపే చూస్తూ కూర్చుంది.

"కోపంగా ఉందా నాన్నా, నా మీద?"

"నీ మీదా? ఎందుకూ?"

"ఆ గ్లౌజులు..."

"బంగారంలాంటి గ్లౌజులు," అన్నాడు మేస్త్రి. "నేనే వాటిని పాడుచేశాను. నువ్వు మురిసిపోతుంటే చూసి, ఇంకా ఎక్కువ తొడుక్కున్నాను. కొంత దాచుకోవడానికి, కొంత నీకోసం. ఏది ఎంతో నాకే తెలీదు."

ఆయనకి అంత పొడుగు మాట అలవాటు లేదు. ఎడంచేత్తో బొగ్గుల వైపు చూపించాడు.

"రా ఇలా," అన్నాడు. "అరచెయ్యి జాలీ మీద పట్టు. తగలనివ్వకు. జానెడు ఎత్తులో."

ఆమె పట్టింది. వెంటనే లాక్కుంది.

"అది ఉలిక్కిపడే వేడి. చేపకి పనికొస్తుంది. బొగ్గులు కొంచెం పక్కకి లాగు. ఊఁ, ఇప్పుడు పట్టు."

ఈసారి చెయ్యి కాసేపు నిలిచింది. తరవాత ఇక వల్లకాక తీసింది.

"అది ఓర్చుకునే వేడి. కోడికి అదే కావాలి. ఇంకా పక్కకి లాగితే ఊరుకునే వేడి. అక్కడ చెయ్యి పెట్టి కబుర్లు చెప్పుకోవచ్చు. కాలినవి అక్కడికి జరపాలి. అంతే, ఇంకేం లేదు. థర్మామీటర్లూ అవీ ఏం అక్కర్లేదు, మీ వదినకి చెప్పకు, నొచ్చుకుంటుంది."

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వు మధ్యలోనే కళ్ళు నిండాయి.

"నాకెందుకు చెప్తున్నావు ఇదంతా? ఆసుపత్రి నుంచి వచ్చాక నువ్వే చేసుకో."

మేస్త్రి కట్టు లేని ఎడమ అరచేతిని జాలీ మీద పట్టాడు. ఎర్రటి బొగ్గులున్న వైపే పట్టాడు. ఆమె చూస్తూ ఉంది. తను ఉలిక్కిపడ్డ చోట ఆయన చెయ్యి కదలకుండా ఉంది. అరచేతి చర్మం ఎర్రబడుతోంది. ఆయన ముఖంలో మాత్రం ఏ మార్పూ లేదు.

"చెయ్యి తియ్యి నాన్నా."

"వేడిగా ఉందా?"

"తియ్యి!"

ఆమే మణికట్టు పట్టుకుని లాగేసింది. ఆయన ఆ అరచేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు, ఎవరిదో చెయ్యి తన దగ్గర మర్చిపోయి వెళ్ళినట్టు.

"ఇదీ అంతేనమ్మా," అన్నాడు. "డాక్టరుకి చెప్పలేదు. కుడిచెయ్యి పోతే ఎడంచేత్తో నేర్చుకుంటాను, మనిషి నేర్చుకోలేనిదేముంది. కానీ ఇదీ ఊరుకునే వేడి అంటోంది. ఎంత మంట పెట్టినా ఊరుకునే వేడే అంటోంది."

"నాన్నా..."

"నాకు భయంగా ఉందమ్మా."

తండ్రి నోటివెంట ఆ మాట ఆమె ఎప్పుడూ వినలేదు. షెడ్డు కప్పు కూలినప్పుడు అనలేదు, పెద్దాడికి ప్రమాదమైనప్పుడు అనలేదు. ఆ మనిషి ఇప్పుడు ఆదివారం పూట, తను చేసుకున్న పొయ్యి ముందు కూర్చుని, చిన్నపిల్లాడిలా అన్నాడు. ఆమె ఆయన చేతిని రెండు చేతుల్లోకీ తీసుకుని గట్టిగా పట్టుకుంది. అంత గట్టిగా పట్టుకున్నది ఆయనకి తెలుస్తోందో లేదో తెలియక ఇంకా గట్టిగా నొక్కింది.

"ఇంక ఎవరం నీకు అబద్ధం చెప్పం," అంది. "బాగోలేకపోతే బాగోలేదని చెప్తాం. కాలుతుంటే కాలుతోందని చెప్తాం. నీకు తెలియనిదంతా మేం చెప్తాం. నువ్వు రా, అంతే."

"కోడి నిజంగా అంత ఘోరంగా ఉందా?"

"అన్నయ్య జేబులు చూడు."

మేస్త్రి నవ్వాడు. నవ్వి, కట్టు చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాడు. ఆ తరవాత తల ఊపాడు.

"సరే. ఇవాళ్టికి నిప్పు ఆర్పేద్దాం. మీ అన్నయ్యని కారు తియ్యమను. మోసుకెళ్తానన్నాడుగా, నాకు వినబడింది. నేనే నడిచొస్తానని చెప్పు, వాడి నడుం అసలే అంతంతమాత్రం."

"అన్నయ్యా!" అని ఆమె ఇంట్లోకి కేకేసింది. గొంతులో ఎక్కడలేని తేలిక. "కారు తియ్యి, నాన్న వస్తున్నాడు!"

లోపల ఒక్కసారిగా కదలిక పుట్టింది. కుర్చీ జరిగిన చప్పుడు, సంచీ ఎత్తిన చప్పుడు, తల్లి గట్టిగా ఏదో మొక్కుకుంటున్న చప్పుడు. గంట నుంచి కారుతున్న కుళాయిని కూడా ఎవరో కట్టేశారు.

మేస్త్రి లేచి నిలబడ్డాడు. పట్టుకారుతో పెద్ద బొగ్గుల్ని నీళ్ళ బకెట్లోకి వేయబోయాడు. రెండు బుస్సుమన్నాయి. మూడోది పట్టు తప్పి ఎటో దొర్లింది. చిన్నమ్మాయి ఆయన చేతిలోంచి పట్టుకారు తీసుకుని తనే మిగతావి ఆర్పింది. ఆయన పక్కనే నిలబడి చూస్తూ, బాగానే చేస్తున్నావని అన్నాడు. గుమ్మంలోకి వచ్చిన తల్లి, కొడుకూ, కోడలూ అక్కడే ఆగిపోయి ఆ ఇద్దర్నీ చూస్తున్నారు. పెద్దాడు చేతిలో కారు తాళాలతో నవ్వాడు. ఆ రోజు ఆ ఇంట్లో అందరూ ఒకేసారి ఊపిరి పీల్చుకున్నది అప్పుడే.

పీల్చిన ఊపిరిలో ఏదో వాసన తగిలింది. బొగ్గుల వాసన కాదు, కోడి వాసన అసలే కాదు.

కాలుతున్న రబ్బరు వాసన.

చిన్నమ్మాయి ముందు పొయ్యి వైపు చూసింది. తరవాత బకెట్టు వైపు చూసింది. తరవాత మెల్లగా తల వంచి కిందికి చూసింది. మేస్త్రి కుడికాలి రబ్బరు చెప్పు పక్కనుంచి సన్నటి పొగ పైకి లేస్తోంది. ఆయన ఒంటి బరువంతా ఆ కాలి మీదే మోపి, తీరుబడిగా, ఇంటి గుమ్మం వైపు చూసి నవ్వుతున్నాడు.

"నాన్నా," అంది ఆమె. "కాలు తియ్యి."

"ఏ కాలు?" అన్నాడు మేస్త్రి.